అన్నవాహిక కలవకుండా పుట్టిన బిడ్డ: ఆసుపత్రిలో ఏమి అడగాలి, ఇంట్లో ఏమి చూడాలి

మా పాప పుట్టిన మూడో గంటలో నోటి నుంచి నురగ వచ్చింది. ఆయా గుడ్డతో తుడిచింది. మళ్లీ వచ్చింది, మళ్లీ తుడిచింది. ఉమ్మనీరు మింగి ఉంటుందని, తగ్గిపోతుందని అన్నారు. నాలుగోసారి తుడిచాక పాలు పట్టమన్నారు. రెండు గుటకలు పోయాయో లేదో, బిడ్డ దగ్గుతో మెలితిరిగింది, పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. నర్సు ఒక సన్నని గొట్టం వేసి, లోపలికి వెళ్లింది, కడుపులో ఏ ఇబ్బందీ లేదు అని చెప్పింది. నిజానికి అది కడుపులోకి వెళ్లలేదు. గొంతు కిందే చుట్టలు చుట్టుకుంది. ఆ సంగతి బయటపడేసరికి మరో పదిహేను గంటలు గడిచాయి, అప్పటికే ఊపిరితిత్తులకు నిమ్ము పట్టింది.

మాది చెన్నైలో పాత చాకలిపేట. గోవిందప్ప నాయకన్ వీధిలోని ఒక పప్పుల టోకు దుకాణంలో లెక్కలు రాస్తాను. పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు జిల్లాల నుంచి ఇదే లోపంతో పుట్టిన పిల్లలను ఇక్కడికి తీసుకొచ్చే కుటుంబాలకు తమిళం రాకపోతే, తెలిసినవారు నాకు ఫోను చేస్తారు. వెళ్లి పక్కన కూర్చుంటాను. డాక్టరు చెప్పింది తెలుగులో చెబుతాను, వాళ్లు అడగలేనిది నేను అడుగుతాను. ఇన్నేళ్లుగా అలా అడిగినవన్నీ ఒక నోటుపుస్తకంలో ఉన్నాయి. ఇది ఆ పుస్తకంలోంచే రాస్తున్నాను. వైద్యం చెప్పడం నా పని కాదు, అది డాక్టర్లదే. వాళ్లను ఏమి అడగాలో, ఎప్పుడు ఊరుకోకూడదో మాత్రం చెప్పగలను.

లోపల జరిగింది ఇది. గర్భంలో మొదటి నెలన్నరలోనే అన్నవాహిక (తిండిని గొంతు నుంచి కడుపుకు దించే గొట్టం), గాలిగొట్టం ఒకదాని నుంచి ఒకటి విడిపోవాలి. అది సరిగా జరగకపోతే అన్నవాహిక రెండు ముక్కలవుతుంది. పై ముక్క కింద మూసుకుపోయి సంచిలా ఉంటుంది. కింది ముక్క చాలామందిలో గాలిగొట్టానికి అతుక్కుని ఉంటుంది. ఈ లోపంతో పుట్టే నూరుమందిలో సుమారు 85 మందిది ఈ రకమే. మిగిలినవారిలో కొందరికి గాలిగొట్టంతో సంబంధమే ఉండదు, కానీ రెండు ముక్కల మధ్య దూరం ఎక్కువ. మరికొందరికి అన్నవాహిక పూర్తిగానే ఉంటుంది, గాలిగొట్టానికి ఒక చిన్న దారి మాత్రం ఉంటుంది. ఆ పిల్లల్లో లోపం నెలల తరబడి బయటపడకపోవచ్చు. మొత్తం మీద 2,500 నుంచి 4,500 జననాలకు ఒక బిడ్డ ఇలా పుడుతుంది.

గ్రహణం రోజున తల్లి బయటికి రావడం వల్లో, ఏదో తినడం వల్లో ఇది రాదు. నెల తప్పిందని తెలిసీ తెలియని రోజుల్లోనే జరిగిపోయేది ఇది. పురిటి మంచం చుట్టూ చేరి ఈ మాటలు అనేవారిని దయచేసి బయటికి పంపండి. అప్పుడు ఆ తల్లి పాలు పిండి దాచే పనిలో ఉండాలి, ఆ పని సంగతి కింద చెబుతాను. వేరే లోపాలేవీ లేకపోతే, తర్వాతి కాన్పులో మళ్లీ ఇదే రావడానికి అవకాశం నూటికి ఒకటి పాటిదే.

పుట్టిన మొదటి గంటల్లో

స్కానింగులో ఉమ్మనీరు ఎక్కువగా ఉందని, బిడ్డ పొట్ట కనిపించడం లేదని, లేదా చాలా చిన్నదిగా ఉందని రాసి ఉంటే కాన్పుకు ముందే పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రిలో పేరు రాయించుకోండి. చాలామందికి అలాంటి సూచన ఏదీ ఉండదు, మాకూ లేదు.

నురగలాంటి చొంగ ఆగకుండా వస్తోందా, పాలు పట్టగానే దగ్గి నీలం అవుతోందా? అయితే ఇక ఏదీ పట్టకండి. చనుపాలు, చక్కెర నీళ్లు, తేనె, ఆముదం చుక్క, తీర్థం, ఏదీ వద్దు. అమ్మమ్మ ఎంత ప్రేమతో తెచ్చినా వద్దు. "గొట్టం వేసి చూడండి" అని అడగండి. ఆ గొట్టం కాస్త గట్టిది కావాలి, 8 లేదా 10 నంబరుది. మరీ సన్నని మెత్తని గొట్టం పై సంచిలో మడతపడి లోపలికి వెళ్లినట్టే అనిపిస్తుంది, మా పాప విషయంలో జరిగింది అదే. లోపం ఉంటే గట్టి గొట్టం పెదవుల నుంచి పది, పన్నెండు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అలా ఉంచే ఛాతీ, పొట్ట కలిపి ఎక్స్‌రే తీయాలి. గొట్టం కొన పైనే ఆగి ఉండి, పొట్టలో గాలి నల్లగా కనిపిస్తే కింది ముక్క గాలిగొట్టానికి కలిసి ఉందని అర్థం. పొట్టలో గాలి అసలే లేకపోతే రెండో రకం కావచ్చు.

ఆ ఎక్స్‌రే నేను మొదటిసారి చూసింది మా ఆయన ఫోనులో. తెల్లని ఎముకల మధ్య సన్నని గీత దిగి, మెడ కింద వానపాములా చుట్టుకుని ఉంది. ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

తరలింపు దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి, అందుకే దీని గురించి కొంచెం పొడుగ్గా చెబుతాను. ఈ ఆపరేషన్ సాధారణంగా పుట్టిన నిమిషాల్లో చేసేది కాదు. బిడ్డను స్థిరపరచి, గుండె చూసి, ఒకటి రెండు రోజుల్లో చేస్తారు. నెలలు నిండక పుట్టి, వెంటిలేటర్ మీద ఉండి, పొట్ట ఉబ్బిపోతున్న బిడ్డల సంగతి వేరు, వారికి ఆగడానికి లేదు. మిగిలినవారిని దగ్గరలో ఉన్న ఏదో ఒక ఆసుపత్రిలో హడావుడిగా కోయించడం కంటే, అనుభవం ఉన్న చోటికి భద్రంగా చేర్చడం మంచిది. కానీ పై సంచిలో చేరే చొంగను పీల్చడం మాత్రం ఒక్క పది నిమిషాలు కూడా ఆపకూడదు. ఊపిరితిత్తులను పాడుచేసేది ఆ చొంగే. దానికి రెండు దారులున్న గొట్టంతో ఆగకుండా పీల్చుతారు. అది లేకపోతే మామూలు గొట్టంతో కొద్ది నిమిషాలకోసారి పీల్చాలి. కాబట్టి అంబులెన్సులో సక్షన్ మిషన్ పనిచేస్తోందో లేదో బయలుదేరే ముందే వేసి చూపించమనండి. తల వైపు ఎత్తు ఉండాలి, ఎందుకంటే పడుకోబెడితే పొట్టలోని పులుపు కింది దారి గుండా ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. ఒంటికి వెచ్చదనం, నరం గుండా గ్లూకోజు ఉండాలి. ముఖానికి మాస్కు పెట్టి సంచీతో గాలి ఒత్తడం తప్పనిసరి అయితే తప్ప చేయకూడదు, ఆ గాలి పొట్టలోకి పోయి ఉబ్బుతుంది.

తల్లి ఆపరేషన్ కాన్పు అయ్యి కదలలేకపోతే తండ్రి ఒక్కడే వెళ్తాడు. అతని చేతిలో ఇవి ఉండాలి: స్కానింగు రిపోర్టులు, ఎక్స్‌రే, పుట్టిన సమయం, బరువు, ఇచ్చిన ఇంజెక్షన్ల వివరం, తల్లి రక్తం నమూనా ఒక సీసాలో. చంటిబిడ్డకు రక్తం సరిచూడటానికి తల్లి రక్తం అడుగుతారు. దానికోసం ఒక తండ్రి చెన్నై నుంచి నాయుడుపేటకు తిరిగి వెళ్లి రావడం నేను చూశాను.

డబ్బు గురించి ఒకే మాట. ఎగ్మూరులో హాల్స్ రోడ్డు మీద ఉన్న ప్రభుత్వ పిల్లల ఆసుపత్రిలో పిల్లల శస్త్రచికిత్స విభాగం ఉంది. ప్రైవేటుకు వెళ్లాలనుకుంటే, మీ ఆంధ్ర ఆరోగ్య పథకం కార్డు ఆ ఆసుపత్రిలో, ఈ ఆపరేషన్‌కు చెల్లుతుందో లేదో బయలుదేరే ముందే ఫోను చేసి కనుక్కోండి. బీమా ఉంటే, పుట్టిన రోజు నుంచే బిడ్డకు వర్తిస్తుందా అని అడగండి.

"ఎంతమంది బతుకుతారు?" అన్న ప్రశ్నను ఎలా అడగాలి

అందరూ అడిగేది ఇదే, కానీ అడగాల్సిన పద్ధతి ఇది కాదు. "మా దగ్గర తొంభై శాతం" అని ఎవరైనా చెబితే, లెక్కలు రాసే మనిషిగా నాకు మొదట వచ్చే సందేహం, తొంభై దేనిలో అని. ఆపరేషన్ చేసినవారిలోనా, ఆసుపత్రిలో చేరినవారిలోనా? ఆపరేషన్ దాకా రాకుండా పోయిన బిడ్డ, ఖర్చు భరించలేక ఇంటికి తీసుకెళ్లిపోయిన బిడ్డ ఆ లెక్కలో ఉన్నారా? సంవత్సరానికి ఇలాంటి బిడ్డలు నలుగురు వచ్చే చోట ఒక్క బిడ్డ తేడా వస్తే శాతం పాతిక మారుతుంది. మరో వైపు, చివరి దశలో పంపిన బిడ్డలను కాదనకుండా చేర్చుకునే పెద్ద ఆసుపత్రి శాతం తక్కువగా కనిపించవచ్చు, కానీ అక్కడి చేతులే నేర్పున్నవి కావచ్చు.

డాక్టర్లు కూడా పిల్లలందరినీ ఒకే గాటన కట్టరు. 1962లో వాటర్‌స్టన్ అనే సర్జన్ బరువును, తోడున్న జబ్బులను బట్టి మూడు తరగతులు చేశాడు. 1994లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి చెందిన లూయిస్ స్పిట్జ్ బృందం దాన్ని రెండు ప్రశ్నలకు కుదించింది. పుట్టిన బరువు 1,500 గ్రాములు దాటిందా? గుండెలో పెద్ద లోపం ఉందా? బరువు ఉండి గుండె బాగుంటే అక్కడ నూటికి 97 మంది బతికారు. రెండింటిలో ఒక ఇబ్బంది ఉంటే 59 మంది, రెండూ ఉంటే 22 మంది. తర్వాత 2006లో అదే ఆసుపత్రి ప్రకటించిన లెక్కలో ఇవి 98, 82, 50కి పెరిగాయి. ఇవి లండన్ లెక్కలు, మీ వార్డువి కావు. కానీ ప్రశ్న ఎలా వేయాలో ఇవి నేర్పుతాయి: "మా బిడ్డ బరువు 2,300 గ్రాములు, గుండె ఎకో బాగుంది. ఇలాంటి పిల్లలు గత రెండేళ్లలో ఎంతమంది వచ్చారు, ఎంతమంది ఇంటికి వెళ్లారు?" ఇలా అడిగినప్పుడు కోప్పడిన డాక్టరును నేను చూడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పినవారినే చూశాను.

ఈ బిడ్డల్లో సుమారు సగం మందికి మరో లోపం కూడా ఉంటుంది. వెన్నుపూస, మలద్వారం, గుండె, మూత్రపిండాలు, చేతులు, వీటిలో ఏదైనా. గుండె ఎకో ఆపరేషన్‌కు ముందే కావాలి. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఏ వైపు తిరిగిందో చూసి, ఏ వైపు నుంచి ఛాతీ తెరవాలో నిర్ణయిస్తారు.

మన దేశంలో ఫలితం ఎక్కడ తేడా పడుతుందో తెలుసుకోవాలంటే 2021లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూడాలి. 74 దేశాల్లో 264 ఆసుపత్రులు, ఈ లోపంతో సహా పుట్టుకతో వచ్చే ఏడు రకాల లోపాలున్న 3,849 మంది పిల్లలు. సంపన్న దేశాల్లో చనిపోయినవారు నూటికి 5.6. మన దేశం లాంటి మధ్య ఆదాయ దేశాల్లో 20.4. పేద దేశాల్లో 39.8. బిడ్డ చేరేసరికే రక్తంలో ఇన్ఫెక్షన్ ఉండటం, అవసరమైనప్పుడు వెంటిలేటర్ గానీ, నరం ద్వారా ఇచ్చే పోషణ గానీ దొరకకపోవడం, ఆపరేషన్ గదిలో భద్రతా జాబితా సరిచూడకపోవడం, ఇవి మరణాలతో ముడిపడి కనిపించాయి. అది చదివిన రాత్రి నేను ఈ కారణాలను నోటుపుస్తకంలో ప్రశ్నలుగా మార్చి రాసుకున్నాను. రాత్రిపూట పిల్లల మత్తు డాక్టరు ఉంటారా? నా బిడ్డకు వెంటిలేటర్ ఖాళీ ఉందా? పాలు పట్టలేని రోజుల్లో నరం గుండా పోషణ ఇస్తారా? ఒక నర్సు ఎంతమంది బిడ్డలను చూస్తుంది? తర్వాత కుట్టు దగ్గర సన్నబడితే సాగదీసే పని ఇక్కడే చేస్తారా?

మా పాప విషయంలో నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఆ పదిహేను గంటలే. సర్జన్ చేయి బాగుంది, వార్డు బాగుంది. నిమ్ము తగ్గేదాకా ఆపరేషన్ నాలుగు రోజులు ఆగింది, అదంతా మొదటి రోజున గొట్టం సరిగా వేసి ఉంటే ఉండేది కాదు.

వార్డులో

మొదట నోటుపుస్తకంలో రాసుకోవాల్సినవి తమిళ మాటలు. మూచ్చుక్కుళాయ్ అంటే గాలిగొట్టం, ఉణవుక్కుళాయ్ అంటే అన్నవాహిక, సళి అంటే కఫం. కనిగిరి నుంచి వచ్చిన ఒక తాతగారు కుళాయి అనగానే నీళ్ల కుళాయి గురించి అనుకుని, బిడ్డకు నీళ్లు పట్టమంటున్నారని కోడలికి చెప్పారు. నర్సు చెప్పింది సరిగ్గా దానికి విరుద్ధం. అర్థం కాని మాటకు తల ఊపకండి.

ఆపరేషన్‌లో సాధారణంగా కుడి వైపు పక్కటెముకల మధ్య నుంచి వెళ్లి, గాలిగొట్టానికి ఉన్న దారిని మూసేసి, రెండు ముక్కలను కలిపి కుడతారు. కొన్నిచోట్ల చిన్న రంధ్రాల ద్వారా చేస్తారు. ఏది చేస్తారో కంటే, ఆ సర్జన్‌కు ఏది అలవాటో అన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. రెండు ముక్కల మధ్య దూరం ఎక్కువైతే వెంటనే కలపలేరు. పొట్టకు గొట్టం పెట్టి పాలు ఇస్తూ, వారాలు ఆగి కలపవచ్చు, లేదా పొట్టతోనో పెద్దపేగుతోనో కొత్త దారి చేయవచ్చు. ఆ కుటుంబాలు నెలల లెక్కన సిద్ధపడాలి, ఊళ్లో పనికి సెలవు కూడా ఆ లెక్కనే పెట్టాలి.

తల్లి చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. బిడ్డ నోటికి పాలు అందని రోజుల్లోనూ పగలూ రాత్రీ కలిపి ఎనిమిది సార్లయినా పాలు పిండాలి. మానేస్తే, గొట్టం ద్వారా పాలు మొదలుపెట్టే రోజుకు పాలు ఎండిపోతాయి. ముర్రుపాలు వృథా చేయకుండా దాచమని నర్సును అడగండి. నేను వరండాలో, గోడవైపు తిరిగి, చీర కొంగు కప్పుకుని పిండేదాన్ని. ఆరో రోజున సిరంజిలో ఐదు మిల్లీలీటర్ల నా పాలు గొట్టంలోంచి మెల్లగా దిగుతుంటే, ఆ తెల్లని గీత కిందికి కదలడం చూస్తూ నిలబడ్డాను.

ఐదు నుంచి పది రోజుల మధ్య మందు మింగించి ఎక్స్‌రే తీసి కుట్టు కారుతోందా అని చూస్తారు. కారినంత మాత్రాన ఆశ వదులుకోకండి. చిన్న కారుడు చాలావరకు మళ్లీ కోయకుండానే, పాలు ఆపి, ఛాతీ గొట్టం ఉంచి, యాంటీబయాటిక్స్‌తో మానుతుంది. మా పాపకు అలాగే మానింది, పద్దెనిమిది రోజులు పట్టింది. ఆ రోజుల్లో మా అత్తగారు ఒక మాట అనేవారు, తన కాలంలో ఇలాంటి పిల్లలు బతికేవారే కాదని. ఇంకాస్త వెనక్కి వెళితే అది ప్రపంచమంతటా నిజమే. 1941లో అమెరికాలోని మిషిగన్‌లో కామరాన్ హైట్ అనే సర్జన్ ఒక ఆడబిడ్డకు ఒకే ఆపరేషన్‌లో రెండు ముక్కలు కలిపి బతికించేదాకా, ఇలా కలిపి బతికించిన బిడ్డ లేదు.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జి కాగితం చేతికి రాగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆసుపత్రి లెక్కలో ఆ బిడ్డ గట్టెక్కినట్టే. ఇంట్లో లెక్క అక్కడ మొదలవుతుంది.

కుట్టిన చోట సన్నబడటం చాలా సాధారణం. పది నిమిషాల్లో తాగే పాలకు అరగంట పడుతోందా, ముక్కులోంచి పాలు వస్తున్నాయా, చొంగ మళ్లీ మొదలైందా, బరువు ఆగిందా? అయితే తర్వాతి తేదీ కోసం ఆగకండి. మత్తు ఇచ్చి బెలూనుతోనో గట్టి గొట్టంతోనో సాగదీస్తారు. మా పాపకు మొదటి ఏడాదిలో నాలుగుసార్లు చేశారు. పాలు తాగిన ప్రతిసారీ దగ్గు వస్తే, తరచూ నిమ్ము చేస్తే, మూసిన దారి మళ్లీ తెరుచుకుందేమో చూడమని అడగండి. తాగుతూ తాగుతూ నీలం అయితే గాలిగొట్టం మెత్తదనం కావచ్చు, అది ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సిన విషయం.

పొట్టలోని పులుపు పైకి ఎగదన్నడం ఈ పిల్లల్లో ఎక్కువ. 2016లో యూరప్, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల ప్రకారం మొదటి ఏడాది వరకు పులుపు తగ్గించే మందు ఇస్తారు. వాంతులు తగ్గాయని మీ అంతట మీరు ఆపకండి. పెద్దయ్యేలోపు కనీసం మూడుసార్లు ఎండోస్కోపీ చేయాలని కూడా అవే సూచనలు చెబుతున్నాయి, పిల్ల ఏ బాధా లేదని అంటున్నా సరే.

అన్నప్రాసన వాయిదా వేయనక్కరలేదు, డాక్టరు సరే అంటే ఆరో నెలలోనే చేయండి. మెత్తని పప్పన్నం, నెయ్యి, పలుచని రసం. ముద్ద చిన్నదిగా, మధ్యమధ్య గుక్కెడు నీళ్లతో. కుట్టు కింద అన్నవాహిక మామూలుగా కదలదు, ఎంత పెద్దయినా ఆ మందకొడితనం కొంత ఉంటుంది, కాబట్టి నమిలి తినడం చిన్నప్పుడే అలవాటు చేయాలి. బ్రెడ్డు, మాంసం ముక్క, తొక్కతో ఆపిల్, పనసతొన, ఇవి ఇరుక్కునే రకాలు. ఇడ్లీని సాంబారులో నానబెట్టి పెడితే మా పాపకు ఎప్పుడూ అడ్డుపడలేదు. ఊపిరి బాగానే ఆడుతూ ముద్ద అన్నవాహికలో ఇరుక్కుంటే వీపు చరచకండి. నిటారుగా కూర్చోబెట్టండి, గుక్కెడు నీళ్లు ఇచ్చి చూడండి. దిగకుండా చొంగ కారుతుంటే ఆసుపత్రికి. ఊపిరి అందకపోతే 108కి.

దగ్గు కుక్క అరిచినట్టు ఉంటుంది. గాలిగొట్టం గోడ మెత్తగా ఉండటం వల్ల వచ్చే శబ్దం అది, అంటుకునేది కాదు. బస్సులో పక్కవారు జరిగి కూర్చుంటారు. బడిలో టీచరుకు చేరిన రోజునే చెప్పండి, తిండికి మరో పది నిమిషాలు ఇవ్వమని కూడా అడగండి.

చివరగా ఒక అట్టముక్క. పాప బడి సంచిలో తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడింటిలో రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టాను. దాని మీద నాలుగు వరుసలు: పుట్టుకతో అన్నవాహిక ఆపరేషన్ అయింది. దగ్గు అంటువ్యాధి కాదు. ముద్ద ఇరుక్కుని ఊపిరి బాగానే ఆడుతుంటే వీపు చరచవద్దు, ఈ నంబరుకు ఫోను చేయండి. ముక్కు గుండా గొట్టం వేయాల్సి వస్తే ముందు మా సర్జన్‌తో మాట్లాడండి. ఈ వేసవిలో ఆ అట్ట నలిగిపోతే కొత్తది పాపే తన చేతిరాతతో రాసుకుంది.